ఆవిరి యంత్రాన్ని తలపించే మట్టి కప్పు: స్టీమ్‌పంక్ శైలిలో తయారీ విధానం

పందొమ్మిదో శతాబ్దపు ఆవిరి యంత్రాల రూపురేఖలకు ఊహను జోడించే ధోరణికి 1987లో అమెరికన్ రచయిత కె. డబ్ల్యూ. జీటర్ స్టీమ్‌పంక్ అని పేరు పెట్టారు. ఈ శైలిలో మట్టిపాత్ర చేయదలచినవారు అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవలసింది, పాత్ర మీది ప్రతి భాగమూ ఏదో ఒక పని చేస్తున్నట్టు కనిపించాలన్నది. గొట్టం ఒకచోట బయలుదేరి మరొకచోటికి చేరాలి, రివెట్లు (రేకులను కలిపి బిగించే గుండ్రని తలల మేకులు) రెండు రేకులు కలిసే చోటే ఉండాలి, ఒక చక్రం పళ్లు పక్క చక్రం పళ్ల మధ్య ఇమడాలి. ఖాళీ కనిపించిన చోటల్లా చక్రాలు అతికిస్తే యంత్రమనే భ్రమ నిలవదు.

మొదటిసారి చేసేవారికి పిడి ఉన్న కప్పు అనువుగా ఉంటుంది. స్టోన్‌వేర్ మట్టిని (ఎక్కువ వేడిలో కాలి రాయిలా గట్టిపడే మట్టి) బాగా పిసికి, 6 మిల్లీమీటర్ల మందంగల పలకగా ఒత్తి, కాస్త బిగిసేదాకా ఆరనివ్వాలి. మట్టి ఆరి, కాలి బయటికి వచ్చేసరికి సాధారణంగా 10 నుంచి 13 శాతం కుంచించుకుపోతుంది కాబట్టి కొలతలు ఆ మేరకు పెద్దవిగా తీసుకోవాలి. పలకను గుండ్రంగా చుట్టి, అంచులను ఏటవాలుగా కోసి, గీట్లు పెట్టి, అదే మట్టిని నీళ్లలో చిక్కగా కలిపిన పేస్టు పూసి అతికించాలి; అడుగుభాగాన్నీ ఇలాగే అమర్చాలి.

ఈ అతుకును నునుపు చేసి మాయం చేయాలనిపిస్తుంది గానీ, ఈ శైలిలో దాన్ని చూపడమే అందం. అతుకు పొడవునా వేలెడు వెడల్పు మట్టిపట్టీ అంటించి, దాని రెండు అంచుల వెంట సమాన దూరాల్లో రివెట్లు పెడితే అది బాయిలర్ రేకుల కూడలిలా కనిపిస్తుంది, అతుక్కూ బలం చేకూరుతుంది. రివెట్టు కోసం మిరియపు గింజంత మట్టి ఉండ చేసి, గీట్లు పెట్టిన చోట తడిపేస్టు మీద ఉంచి, పెన్ను మూతలాంటి గుల్లగా ఉన్న వస్తువుతో నిటారుగా నొక్కాలి. అప్పుడు ఉండ పక్కలకు జరగకుండా గుండ్రని తల, దాని చుట్టూ సన్నని గాడి ఏర్పడతాయి.

ఇవన్నీ చేయడానికి సరైన అదను ఒకటుంది: కప్పును ఎత్తితే ఆకారం చెడకూడదు, గోరుతో నొక్కితే మాత్రం గుర్తు పడాలి. అంతకన్నా మెత్తగా ఉంటే గోడ లోపలికి కుంగుతుంది. అంతకన్నా ఆరిపోతే కొత్తగా పెట్టిన తడిభాగం తర్వాత కుంచించుకుంటూ ఊడివస్తుంది. పళ్లచక్రాల కోసం పాత గడియారపు చక్రానికి మొక్కజొన్న పిండి అద్ది మెత్తని మట్టిలో నొక్కి, ఆ అచ్చును కాల్చి ఉంచుకుంటే ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. లోపల ఖాళీ ఉన్న గొట్టం పెడితే, కనిపించని వైపు సూదితో రంధ్రం చేయడం తప్పనిసరి, ఎందుకంటే లోపల చిక్కిన తేమ వేడికి ఆవిరై ముక్కను పగలగొడుతుంది. అసలు లోహపు ముక్కలను మట్టిలో పొదిగి కాల్చకూడదు: మట్టి కుంచించుకుంటుంది, లోహం కుంచించుకోదు, పైగా ఇత్తడి స్టోన్‌వేర్ కాలే వేడికన్నా ముందే కరిగిపోతుంది.

కప్పును ప్లాస్టిక్ కవరు కింద నిదానంగా ఆరబెట్టి, పూర్తిగా ఆరాక మొదటిసారి సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చాలి. ఆ తర్వాతి పనిలోనే లోహపు ఛాయ వస్తుంది. ఐరన్ ఆక్సైడ్ పొడిని కొద్దిగా ఫ్రిట్‌తో (కరిగించి పొడిచేసిన గాజులాంటి పదార్థం) కలిపి నీళ్లలో పలుచగా కలిపి, బయటంతా కుంచెతో పూసి, వెంటనే తడి స్పాంజితో తుడవాలి. ఎత్తుగా ఉన్నచోట రంగు పోయి, గాడుల్లో, రివెట్ల చుట్టూ నిలిచిపోతుంది. కాలాక అదే తుప్పు, మసి పట్టిన పాత ఇనుములా కనిపిస్తుంది. రాగి కార్బొనేట్‌ను అక్కడక్కడా కొద్దిగా తాకిస్తే చిలుము పట్టినట్టు పచ్చదనం వస్తుంది, అయితే దాన్ని బయటి వైపుకే పరిమితం చేయాలి. మాంగనీస్ ఎక్కువగా ఉన్న కంచు రంగు గ్లేజులు (కాలాక గాజులా గట్టిపడే పూతలు) చూడముచ్చటగా ఉన్నా, కాలేటప్పుడు వాటి పొగ నరాలకు హాని చేస్తుంది కాబట్టి కొత్తవారు వాటి జోలికి పోకపోవడమే మంచిది. పొడులు కలిపేటప్పుడు ధూళిని ఆపే మాస్కు, చేతి తొడుగులు ఉండాలి. బల్లను ఊడవకుండా తడిగుడ్డతోనే తుడవాలి.

లోపలి భాగానికి, పెదవులు తగిలే అంచుకు ఆహారపానీయాలకు సురక్షితమని తయారీదారు పేర్కొన్న గ్లేజునే వాడి, అడుగున గ్లేజు లేకుండా తుడిచి, మట్టికీ గ్లేజుకూ పొంతన కుదిరే వేడిలో, మధ్యశ్రేణి స్టోన్‌వేర్‌కైతే దాదాపు 1220 డిగ్రీల దగ్గర, రెండోసారి కాల్చాలి. నిజమైన ఇత్తడి మీటరో, గొలుసో కావాలనుకుంటే కప్పు పూర్తిగా చల్లారాక ఎపాక్సీ జిగురుతో బయటి వైపు అంటించుకుని, ఆపై ఆ కప్పును డిష్‌వాషర్‌లో పెట్టకుండా చేత్తోనే కడుక్కోవాలి.