కాలు తీసినా రేస్ తగ్గడం లేదా? బస్సు యాక్సిలేటర్ ఇరుక్కుంటే

మన గోదావరి డెల్టాలో చాలా ఊళ్ల రోడ్డు కాలవ గట్టే. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క వరిచేను. ఎదురుగా కొబ్బరి లోడు ట్రాక్టరు వస్తే దిగడానికి మార్జిన్ కూడా ఉండదు. అందుకే ముందు బండి ఆపుకునే సంగతి చూద్దాం, కారణాలు తర్వాత.

కాలు తీసినా బండి లాగేస్తోంది

క్లచ్ పూర్తిగా తొక్కి న్యూట్రల్ చేయండి. ఇంజన్ అరుస్తుంది, అరవనివ్వండి. బ్రేకు గట్టిగా నొక్కి పట్టే ఉంచండి. ఎయిర్ బ్రేకుని మాటిమాటికీ నొక్కి వదిలితే ట్యాంకులో గాలి అయిపోతుంది. బండి నిలిచాకే ఇంజన్ ఆపండి. ముందే ఆపితే పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది, కంగారులో తాళం బయటికి లాగేస్తే స్టీరింగ్ లాక్ కూడా పడొచ్చు.

ఆగాక మొదట పెడల్ కింద చూడండి. చాలాసార్లు జరిగిన మ్యాటో, దొర్లిన నీళ్ల సీసానో ఉంటుంది.

పెడల్ బరువుగా, ఆలస్యంగా పైకొస్తోంది

పాత బండ్లలో పెడల్‌కీ డీజిల్ పంపుకీ మధ్య కేబులో, రాడ్లో ఉంటాయి. సముద్రం పక్కనున్న అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగే బండ్లకి ఉప్పుగాలి వల్ల కేబుల్ లోపలే తుప్పు పడుతుంది, పైన తొడుగు మాత్రం కొత్తదిలా మెరుస్తుంది. ఇంజన్ ఆపి, పంపు దగ్గర కేబుల్ ఊడదీయండి. పంపు లీవర్‌ని చేత్తో కదిపి వదిలితే అదే టక్కున వెనక్కి రావాలి. వస్తే తప్పు కేబుల్‌ది లేదా పెడల్‌ది. రాకపోతే స్ప్రింగో, పంపో. తుప్పు పట్టిన కేబుల్‌కి నూనె పోస్తే నాలుగు రోజులు నడుస్తుంది. మార్చేయడమే మందు.

ఒక కాలేజీ బస్సులో రిటర్న్ స్ప్రింగ్ (పెడల్‌ని వెనక్కి లాగేది) తెగితే సైకిల్ ట్యూబు ముక్క కట్టి నెలల తరబడి నడిపారు. నేను చూసేసరికి ఆ ట్యూబు ఎండకి పగుళ్లిచ్చి ఉంది. నలభై మంది పిల్లలు ఎక్కే బండి అది!

పెడల్ బాగానే ఉంది, రేస్ మాత్రం ఇష్టమొచ్చినట్టు

కొత్త బండ్లలో కేబుల్ ఉండదు. పెడల్ దగ్గర రెండు సెన్సార్లుంటాయి, వాటి లెక్క కలవకపోతే కంప్యూటర్ ఇంజన్ లైటు వెలిగించి, పవర్ తగ్గించేస్తుంది. వరదలప్పుడు నీళ్లలో నడిచిన బండికి కనెక్టర్లలో పచ్చగా చిలుము చేరుతుంది. కోతల తర్వాత షెడ్డులో చేరిన ఎలుకలు వైర్లు కొరుకుతాయి. స్కానర్ పెట్టి, కంప్యూటర్ రాసుకున్న తప్పు కోడ్ చెరిపేసి 'అయిపోయింది సార్' అనే మెకానిక్‌ని వదలకండి, వైరింగ్ చూపించమనండి.

తాళం తిప్పినా ఇంజన్ ఆగదు

పాత బండి అయితే స్టాప్ నాబ్ లాగండి. లాగినా ఆగక, నీలం పొగ కక్కుతూ ఇంకా రేస్ అవుతుంటే టర్బో (ఇంజన్‌లోకి గాలి నెట్టే భాగం) నుంచి ఆయిల్ లోపలికి పోతూ ఉండొచ్చు. ముందు జనాన్ని దించేయండి. బ్రేకు నొక్కి పట్టి, పెద్ద గేరు వేసి, క్లచ్ వదిలి ఇంజన్‌ని చంపాలి. గాలి గొట్టాన్ని చేత్తో మూయబోకండి.

ఒకే మోడల్ బండ్లన్నిటికీ ఇదే జబ్బు

అప్పుడు అనుమానం తయారీ మీదే. 2019లో మోటారు వాహనాల చట్టంలో 110ఎ సెక్షన్ చేర్చారు, దాని ప్రకారం లోపమున్న బండ్లను వెనక్కి పిలిచి బాగుచేయమని (రీకాల్) కేంద్రం కంపెనీని ఆదేశించవచ్చు. రూల్స్ 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి, ఏడేళ్ల లోపు బండ్లకి వర్తిస్తాయి.

చాసిస్ నంబరు చెప్పి డీలర్‌ని అడగండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బస్సయితే తప్పకుండా అడగాలి, ఎందుకంటే కంపెనీ ఉత్తరం పాత ఓనరు ఇంటికే పోవచ్చు. 'మా బండి బాగానే నడుస్తోంది' అని ఊరుకోకండి, రీకాల్ చేసేది లోపం బయటపడ్డ బండ్లకే కాదు, ఆ బ్యాచ్ మొత్తానికి. రీకాల్ రిపేరుకి డబ్బు కట్టక్కర్లేదు. ఏ భాగం మార్చారో జాబ్ కార్డు మీద రాయించుకుని, ఫిట్‌నెస్ కాగితాలతో పాటు దాచండి.