సొంత ఆల్బమ్ మాస్టరింగ్: మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు (మాస్టరింగ్ అంటే విడుదలకు ముందు పాటలకు ఇచ్చే తుది మెరుగు)

- మిక్స్‌లన్నీ (గొంతు, వాయిద్యాలు కలిపి సిద్ధం చేసిన పాటలు) 24 బిట్ వేవ్ ఫైళ్లుగా, ఒకే శాంపుల్ రేటులో తీసుకోండి. సౌండ్ పెంచడానికి మాస్టర్ ఛానెల్ మీద లిమిటర్ (సౌండ్ ఒక హద్దు దాటకుండా ఆపే టూల్) పెట్టి ఉంటే తీసేయండి.

- పాటలన్నిటినీ ఒకే ప్రాజెక్టులో, ఆల్బమ్ వరుసలోనే పేర్చుకోండి.

- అన్ని పాటలకూ లౌడ్‌నెస్ మీటర్‌లో ఒకే అంకె రావాలని పట్టుబట్టకండి. చాలా ఆల్బమ్‌లు చెడేది ఇక్కడే. గిటార్, గొంతు మాత్రమే ఉన్న పాటను కూడా డ్రమ్స్ దంచే పాటతో సమానంగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (పాట చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) లాగితే, ఆ మెల్లని పాటలో గొంతు మీద పడి అరిచినట్టుంటుంది. ముందు అన్నిటికన్నా హోరెత్తే పాటను ఖాయం చేసుకోండి. మిగతా పాటల్లో గొంతు ఎంత వినిపిస్తోందో దానితో పోల్చి, చెవితోనే తేల్చుకోండి. స్పాటిఫైలో ఆల్బమ్‌ను వరుసగా వింటే పాటల మధ్య సౌండ్ తేడాలు అలాగే ఉంటాయి, కాబట్టి అది అన్నిటినీ ఒకే స్థాయికి తెచ్చేస్తుందేమోనన్న టెన్షన్ వద్దు.

- ట్రూ పీక్ (సౌండ్ నిజంగా చేరే గరిష్ఠ స్థాయి) మైనస్ 1 డీబీ దాటనివ్వకండి. ఎంపీ3 లాంటి ఫార్మాట్లలోకి మారేటప్పుడు పీక్‌లు కాస్త పెరగొచ్చు.

- స్పీకర్ వాల్యూమ్ ఒకచోట పెట్టాక ఇక ముట్టుకోకండి. చెప్పినంత తేలికేం కాదు, చెయ్యి దానంతటదే అటు పోతుంది.

- 16 బిట్ కాపీ కావాలంటే డిథర్ (బిట్‌లు తగ్గించేటప్పుడు వచ్చే లోపాలు వినపడకుండా కలిపే సన్నని నాయిస్) చివర్లో ఒక్కసారే.