పాత రివాల్వర్ రిపేరుకి ఇచ్చే ముందు సిలిండర్ గదులు చూపించండి

అక్టోబరులో వానలు మొదలయ్యేలోపు మద్రాసులో చాలామంది బీరువాలు సర్దుతారు. ఇంట్లో తాతల నాటి లైసెన్సు రివాల్వర్ ఉంటే అదీ అప్పుడే బయటికొస్తుంది. మా పెద్దనాన్న చనిపోయిన ఏడాది పెరంబూరులో పెద్దమ్మ అలాగే తీసింది. తోలు ఒరలోనే ఏళ్ళ తరబడి ఉండటంతో, తోలు ఆనిన వైపంతా తుప్పు పట్టింది. తోలు తేమ పీల్చుకుంటుంది, అందులోనూ మనది సముద్రపు గాలి. కాబట్టి తుపాకీని ఒరలో దాచకండి. "నాయనా, దీన్ని బాగు చేయించి తమ్ముడి పేరు మీదకి మార్పిద్దాం" అంది పెద్దమ్మ.

తుప్పు పైకి కనిపించేది. అసలు ప్రమాదం లోపల ఉంది.

ఆ రివాల్వర్ రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సేనల కోసం అమెరికాలో తయారైన స్మిత్ అండ్ వెస్సన్ విక్టరీ మోడల్. దాని తూటా .38 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెస్సన్). అదే .38 స్పెషల్ అనుకుంటే పొరపాటు. మొదటిదాని కేసు (మందు ఉండే లోహపు గొట్టం) పొడవు 19.7 మిల్లీమీటర్లు, రెండోదాని పొడవు 29.3. మొదటిది కాస్త లావు కూడా: అది 9.8 మిల్లీమీటర్లు, రెండోది 9.6. యుద్ధం తర్వాత ఇలాంటి రివాల్వర్లు ఎన్నిటికో సిలిండర్ గదులను, అంటే తూటాలు కూర్చునే రంధ్రాలను, లోపలికి తొలిచి .38 స్పెషల్ పట్టేలా చేశారు. తొలిచారు కానీ, వెనక వైపు వెడల్పు అలాగే ఉండిపోయింది. అందులో స్పెషల్ తూటా పేలిస్తే ఆ వదులు చోట కేసు ఉబ్బుతుంది, ఒక్కోసారి చీలుతుంది. చీలితే వేడి వాయువు వెనక్కి, పేల్చేవాడి వైపే వస్తుంది. దానికితోడు ఒత్తిడి. అమెరికా ప్రమాణాల ప్రకారం .38 ఎస్ అండ్ డబ్ల్యూ గరిష్ఠ పరిమితి 14,500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అయితే, స్పెషల్‌ది 17,000.

.455 వెబ్లీలు అనే పాత బ్రిటిష్ రివాల్వర్లది ఇంకో కథ. .45 ఏసీపీ తూటాలు అర్ధచంద్రం క్లిప్పులతో (తూటాలను కలిపి పట్టి ఉంచే లోహపు రేకులు) పట్టాలని సిలిండర్ వెనక భాగాన్నే అరగదీసినవి ఉన్నాయి. ఆ తూటా మామూలు లోడే 21,000 పీఎస్ఐ దాకా పోతుంది. పాత వెబ్లీ అంత ఒత్తిడికి చేసింది కాదు. తూటా పట్టింది కదా అని ఎప్పుడూ పేల్చకండి.

పెద్దనాన్న లైసెన్సు ఆయనతోనే పోయింది కాబట్టి ఆ రివాల్వర్ ఇంట్లో ఉంచుకునే హక్కు మాకు లేదు. ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. ముందు స్టేషన్‌కి ఫోన్ చేసి చెప్పి, తర్వాతే కదిలించాం. డీలరు దగ్గర ఆర్మరర్ (తుపాకులు బాగుచేసేవాడు) సిలిండర్ తెరిచి, ఖాళీగా ఉందని ఒక్కో గదీ తాను చూసి, నాకూ చూపించి, తర్వాత లోపలికి టార్చి వేశాడు. గది సగానికి వచ్చేసరికి గోడ మీద సన్నని ఉంగరంలాంటి గీత, ఇంకాస్త ముందు రెండో మెట్టు. మార్చని గదిలో ఒక్క మెట్టే ఉంటుందట. ఆరు గదుల్లోనూ రెండేసి ఉన్నాయి. ఇన్నేళ్ళూ పెద్దనాన్న దాన్ని పేల్చలేదు, మా అదృష్టం.

మీ ఇంట్లో తుప్పుతో సిలిండర్ బిగుసుకుపోయి ఉంటే సుత్తి, స్క్రూడ్రైవర్ దగ్గరికి రానివ్వకండి. లోపల తూటా ఇరుక్కుందేమో అని అనుమానం ఉన్నా ముట్టుకోకుండా, రివాల్వర్ ఉన్న ఇంటి గదిలోకి ఎవరినీ పోనివ్వకుండా స్టేషన్‌కి చెప్పండి. నూనె పోశాం కదా, మందు చచ్చిపోయి ఉంటుందిలే అనుకోవద్దు. డబ్బాలో మిగిలిన పాత తూటాలూ రివాల్వర్‌తో పాటే అప్పగించండి.

అంబత్తూరులో లేత్ ఉన్న తెలిసినవాడు ఇత్తడి గొట్టం దూర్చి గదులు సరిచేస్తానన్నాడని ఒకరు నాతో చెప్పారు. దయచేసి ఆ పని చేయించకండి. తుపాకీ రిపేరుకీ, మార్పుకీ, పరీక్షకీ అదే ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద విడిగా లైసెన్సు కావాలి. పైగా పేలినప్పుడు ఆ గొట్టం నిలుస్తుందని ఆ లేత్ మనిషి ఏ ధైర్యంతో చెబుతాడు? లైసెన్సుదారు బతికి ఉంటే, ఆయన వెంట గానీ ఆయన రాతపూర్వక అనుమతితో గానీ వేరొకరు రిపేరుకి తీసుకెళ్ళడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఆ చీటీ, లైసెన్సు చేతిలో లేకుండా బయల్దేరొద్దు. లైసెన్సులో రాసిన బోరుకీ (తుపాకీ గొట్టం లోపలి కొలత), ఇప్పుడు గదిలో పట్టే తూటాకీ పొంతన లేకపోతే అది దాచకుండా లైసెన్సు అధికారికి రాసివ్వండి.

మేం రసీదు మీద "సిలిండర్ గదులు మార్చినవి, పేల్చకూడదు" అని రాయించుకున్నాం. అదే మాట ఒక అట్టముక్క మీద రాసి ట్రిగ్గర్ గార్డుకి దారంతో కట్టించాం. పెద్దమ్మ ఆ ముడి రెండుసార్లు లాగి చూసి గానీ అక్కణ్ణుంచి కదల్లేదు.