డేటాబేస్ మకాం మార్పు – 3వ పాఠం: మోసుకెళ్ళక్కర్లేని రికార్డులు

రెండో పాఠంలో బ్యాకప్ తీసి, దాన్ని మీ ల్యాప్‌టాప్‌లో విడిగా ఇంకో డేటాబేస్‌లోకి ఎక్కించుకున్నాం కదా. ఇవాళ్టి పనంతా ఆ కాపీ మీదే, లైవ్ సైట్ జోలికి పోవద్దు. ఉదాహరణ కూడా పాతదే: కొత్త సర్వర్‌కు మారబోతున్న, ఏళ్ళ తరబడి నడుస్తున్న ఒక తెలుగు వెబ్ పత్రిక. ముందు సైటును నడిపే వర్డ్‌ప్రెస్, వెనక డేటాను దాచే మైఎస్‌క్యూఎల్.

ఏది తీసెయ్యాలో చాలామంది టేబుల్ సైజు చూసి తేల్చేస్తారు. నేను మాత్రం ముందు ఒకటే చూసుకుంటాను: ఈ రికార్డు పోతే సాఫ్ట్‌వేర్ దాన్ని మళ్ళీ తయారు చేసుకోగలదా, లేక ఎవరో మనిషి కూర్చుని టైపు చేసిందా? మొదటి రకమైతే నిశ్చింతగా తీసెయ్యండి. రెండోదైతే అది ఎంత పనికిమాలినదిగా కనబడినా రాసినవాళ్ళనో, ఎడిటర్‌నో అడిగాకే చెయ్యి పెట్టండి. మూడేళ్ళుగా కదలని డ్రాఫ్టు మీకు చెత్త కావచ్చు. రాసిన ఆవిడకు అది సగంలో ఆగిన నవల.

ఈ లెక్కన కాస్త మధ్యలో ఉండేవి రివిజన్లు, అంటే సేవ్ చేసినప్పుడల్లా మిగిలే పాత రూపాలు. మనిషి రాసినవే, కానీ తుది రూపం వేరే చోట భద్రంగా ఉంది. కథ సేవ్ చేసిన ప్రతిసారీ వర్డ్‌ప్రెస్ మారిన ముక్కను కాకుండా మొత్తం కథను మరో వరుసగా దాస్తుంది. పైగా అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి 3 బైట్లు పడతాయి, ఇంగ్లీషు అక్షరానికైతే ఒక్కటే. 5,000 సంకేతాలున్న కథ అంటే 15 కేబీ. దాన్ని 40 సార్లు సేవ్ చేస్తే ఒక్క కథకే 600 కేబీ. తెలుగు సైట్ల డంపు (డేటాబేస్ మొత్తాన్ని రాసిపెట్టే ఫైలు) ఉబ్బిపోవడానికి నేను ముందు అనుమానించేది దీన్నే. పరిమితి పెట్టకపోతే వర్డ్‌ప్రెస్ వీటిని ఎన్నైనా దాచుకుంటూ పోతుంది.

తీసెయ్యడంలో ఒక గొయ్యి ఉంది. పోస్ట్స్ టేబుల్ తెరిస్తే రివిజన్లన్నిటికీ స్టేటస్ గడిలో 'ఇన్‌హెరిట్' అని కనబడుతుంది. అదే గుర్తనుకుని ఆ స్టేటస్ ఉన్నవన్నీ డిలీట్ కొట్టారనుకోండి, మీడియా లైబ్రరీ మొత్తం ఖాళీ! ఎక్కించిన బొమ్మల రికార్డులకూ సాధారణంగా ఉండేది అదే స్టేటస్. ఫైళ్ళు డిస్కు మీద ఉంటాయి, సైటుకు మాత్రం అవి ఉన్నట్టే తెలియదు. చూడాల్సింది పోస్ట్ టైప్ గడి. అందులో 'రివిజన్' అని ఉన్నవే మనకు కావాలి.

అందుకే అలవాటు ఇలా చేసుకోండి. ముందు డిలీట్ కాదు, షరతుకు సరిపోయే వరుసలను లెక్కపెట్టే సెలెక్ట్ కౌంట్. వచ్చిన అంకె కాగితం మీద రాసుకోండి. తర్వాత అదే షరతుతో ఓ ఇరవై వరుసలు బయటికి తీసి కళ్ళతో చదవండి. అప్పుడు ఆ వేర్ షరతులో ఒక్క అక్షరం మార్చకుండా ముందున్న సెలెక్ట్‌ను మాత్రం డిలీట్‌గా మార్చండి. తొలగిన వరుసల సంఖ్య మీ కాగితం మీది అంకెతో సరిపోవాలి. టేబుళ్ళ జాబితాలో కనబడే వరుసల సంఖ్యను మాత్రం ఈ పోలికకు వాడొద్దు. మైఎస్‌క్యూఎల్ టేబుళ్ళను దాచే ఇన్నోడీబీ పద్ధతిలో అది అంచనా మాత్రమే, అసలు లెక్కకు 40–50 శాతం దాకా తేడా ఉండొచ్చు.

తేడా వస్తే వెనక్కి తీసుకునే వీలుండాలంటే డిలీట్‌కు ముందు స్టార్ట్ ట్రాన్సాక్షన్ ఇవ్వండి, లెక్క కుదిరాకే కమిట్, కుదరకపోతే రోల్‌బ్యాక్. ఇది కమాండ్లు టైపు చేసే టెర్మినల్‌లోనే చెయ్యండి. బ్రౌజర్‌లో డేటాబేస్‌ను చూపే పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో స్టార్ట్ ఒకసారి, డిలీట్ ఇంకోసారి విడివిడిగా పంపితే రెండిటికీ సంబంధం ఉండదు, డిలీట్ అక్కడికక్కడే ఖాయమైపోతుంది. పాత సైట్లలో కొన్ని టేబుళ్ళు ఇంకా మైఐసామ్ అనే పాత పద్ధతిలోనే ఉంటాయి, వాటికి రోల్‌బ్యాక్ పనిచెయ్యదు. ఇక టేబుల్‌ను ఒక్క దెబ్బతో ఖాళీ చేసే ట్రంకేట్ అన్నది మైఎస్‌క్యూఎల్‌లో ఏ టేబుల్ మీద కొట్టినా వెనక్కి రాదు.

తర్వాతి వంతు ట్రాన్సియెంట్లది. ఆప్షన్స్ టేబుల్‌లో ఉండే తాత్కాలిక సరుకు. గడువు ఉన్న ప్రతిదానికీ రెండు వరుసలు, ఒకటి విలువ, ఒకటి గడువు. పేరు అండర్‌స్కోర్‌తో మొదలవుతుంది. పేరులో కొంత భాగం ఇచ్చి వెతికే లైక్‌తో వెతికేటప్పుడు అండర్‌స్కోర్ అంటే 'ఏదైనా ఒక అక్షరం' అని మైఎస్‌క్యూఎల్ అర్థం చేసుకుంటుంది, కాబట్టి దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. ఈ గొడవంతా ఎందుకనుకుంటే వర్డ్‌ప్రెస్‌ను టెర్మినల్ నుంచి నడిపే డబ్ల్యూపీ-సీఎల్ఐలో ట్రాన్సియెంట్ డిలీట్ కమాండ్ ఉంది, నేను అదే వాడతాను. స్పామ్ వ్యాఖ్యలు, ట్రాష్ మాత్రం మకాం మార్చే రాత్రి వర్డ్‌ప్రెస్ డ్యాష్‌బోర్డు నుంచే ఖాళీ చెయ్యండి, అనుబంధ మెటా (వాటికి తగిలించిన అదనపు వివరాలు) కూడా దానితోపాటే పోతుంది.

ఎస్‌క్యూఎల్‌తో నేరుగా తీసినప్పుడు ఆ మెటా మిగిలిపోతుంది. పోస్ట్‌మెటా టేబుల్‌ను పోస్ట్స్‌తో లెఫ్ట్ జాయిన్ చేసి (జత దొరకని మెటా వరుసలు కూడా కనబడేలా కలిపి), అవతల ఐడీ నల్, అంటే ఖాళీ, వచ్చిన వరుసలు పట్టుకోండి. తల్లి పోస్టు లేని అనాథలు అవే. ఈ ఏరివేత ఎప్పుడూ చివర్లోనే, ఎందుకంటే ముందరి డిలీట్లు కొత్త అనాథలను పుట్టిస్తాయి.

ఇంత తీసినా డిస్కు మీద టేబుల్ ఫైలు తగ్గలేదని కంగారు పడొద్దు. ఇన్నోడీబీ ఖాళీ అయిన చోటును తన దగ్గరే అట్టిపెట్టుకుంటుంది. ఆప్టిమైజ్ టేబుల్ కొడితే తగ్గుతుంది, కానీ ఖాళీ చేసి వెళ్ళిపోయే సర్వర్‌లో ఆ శ్రమ దేనికి? డంపు తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్ బతికున్న వరుసలనే రాస్తుంది, కాబట్టి కొత్త సర్వర్‌కు పల్చని ఫైలే వెళ్తుంది.

అభ్యాసం: కాపీ మీద పనిచేసిన క్వెరీలన్నీ వరుసక్రమంలో ఒక ఫైలులో దాచండి, ఒక్కోదాని పక్కన కాగితం మీది అంకె రాయండి. మకాం మార్చే రాత్రి మళ్ళీ తాజా బ్యాకప్ తీశాక లైవ్ మీద నడపాల్సింది ఈ ఫైలే. అప్పటికి అంకెలు కాస్త పెరిగి ఉంటాయి. ఏదైనా రెట్టింపైతే ఆగి చూడండి. నాలుగో పాఠంలో డంప్, దానితోపాటు అక్షరాలు చెదిరిపోకుండా క్యారెక్టర్ సెట్ సరిచూడటం.