ప్రాసెసర్ నత్తనడక: ఫార్మాట్ చేయించే ముందు ఈ అంకె చూడండి

ల్యాప్‌టాప్ నెమ్మదించిందని ఎవరితో అన్నా "ఒకసారి ఫార్మాట్ చేయించండి" అంటారు. జ్వరమానీ పెట్టకుండానే సూది వేసినట్టుంటుంది ఆ సలహా.

ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్ విభాగంలో సీపీయూ, అంటే ప్రాసెసర్, ఎంచుకుంటే కింద 'స్పీడ్', పక్కన 'బేస్ స్పీడ్' కనిపిస్తాయి. మొదటిది ఈ క్షణాన ప్రాసెసర్ నడుస్తున్న వేగం, రెండోది దాని మూల వేగం. 2017లో వచ్చిన ఇంటెల్ ఐ5-8250యూనే తీసుకోండి. దాని మూల వేగం 1.6 గిగాహెర్ట్జ్, టర్బోలో, అంటే బరువైన పనికి కాసేపు పెంచుకునే వేగంలో, గరిష్ఠం 3.4. ఆ 3.4 చూసి కొన్నవారు ఎప్పుడూ అంతే రావాలనుకుంటారు. రాదు. పని లేనప్పుడు 1 కన్నా కిందికి దిగి కూర్చుంటుంది. బరువైన పని తగిలితే కాసేపు దూకుడుగా పోయి, తర్వాత కొంత తగ్గి నిలకడగా నడుస్తుంది. ఇదేమీ జబ్బు కాదు. పని జోరుగా సాగుతున్నప్పుడు కూడా మూల వేగం కంటే కిందికి పడిపోతేనే అనుమానించాలి.

వేగం 0.4 దగ్గర బిగుసుకుపోయింది

మా ఇంట్లో జరిగింది ఇదే. మీట నొక్కిన రెండు సెకన్లకు గానీ అక్షరం పడేది కాదు. వాడకం 100 శాతం, వేగం మాత్రం 0.39. రెండు రోజులు వైరస్ కోసం వెతికాను. తీరా చూస్తే అసలు దొంగ ఛార్జరే!

కొన్ని ల్యాప్‌టాప్‌ల ఛార్జర్ మొనలో, గొట్టం మధ్య, సన్నటి సూది ఉంటుంది. అది కరెంటు కోసం కాదు, తాను ఎన్ని వాట్ల ఛార్జరో ల్యాప్‌టాప్‌కు చెప్పడానికి. ఆ సూది వంగినా, విరిగినా, నకిలీ ఛార్జర్ పెట్టినా గుర్తింపు అందదు. దాంతో మదర్‌బోర్డు జాగ్రత్తపడి ప్రాసెసర్‌కు కళ్లెం వేస్తుంది. ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. వేగం లేచిందంటే దొంగ దొరికినట్టే. అదే మోడల్‌కు సరిపడే, అన్నే వాట్ల అసలు ఛార్జర్ కొనండి.

దానితో కుదరకపోతే ల్యాప్‌టాప్ ఆపి, ఛార్జర్ తీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత బయోస్ (ల్యాప్‌టాప్‌ను మొదట లేపే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. ప్రాసెసర్ వేగాన్ని అదుపు చేసే థ్రాటిల్‌స్టాప్ అనే సాఫ్ట్‌వేర్‌లో 'బీడీ ప్రోచాట్' (ఇతర భాగాల హెచ్చరిక విని ప్రాసెసర్ నెమ్మదించే ఏర్పాటు) టిక్కు తీసేయమని చాలామంది చెబుతారు. పని చేస్తుంది, కానీ కారణం అలాగే ఉండిపోతుంది. నేనైతే చిట్టచివరే ముట్టుకుంటాను.

మొదట బాగుంటుంది, పది నిమిషాలకు చతికిలబడుతుంది

ఫ్యాన్ హోరెత్తుతుంటే కారణం వేడి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూడండి. ఇంటెల్ ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 100 డిగ్రీలు. దాన్ని తాకగానే అవే వేగం తగ్గించుకుంటాయి. మే నెలలో పరుపు మీద పెట్టి వాడితే ఏ యంత్రమైనా ఇంతే. ముందు దాన్ని బల్ల మీదికి మార్చండి.

అప్పటికీ తగ్గకపోతే దుమ్ము. బయటి నుంచి ఊదితే పోదు. ఫ్యాన్‌కూ వేడిని బయటికి పంపే రాగి రేకులకూ మధ్య దూదిపొరలా అట్ట కట్టి ఉంటుంది, ఫ్యాన్ విప్పితేనే కనబడుతుంది. బ్రష్షుతో తీయండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే అడ్డదిడ్డంగా తిరిగి బేరింగు పాడవుతుంది. నాలుగైదేళ్ల ల్యాప్‌టాప్ అయితే ప్రాసెసర్ వేడిని పైనున్న లోహపు పలకకు చేరవేసే థర్మల్ పేస్టు కూడా ఎండిపోయి ఉంటుంది. పాతది పూర్తిగా తుడిచి, బియ్యపు గింజంత కొత్తది పెడితే చాలు.

మూల వేగం దాటి పైకి వెళ్లదు

కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్లలో 'మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్' చూడండి. వేడి తగ్గుతుందని ఎవరో అక్కడ 99 పెట్టి ఉంటారు. ఆ ఒక్క శాతంతో టర్బో ఆగిపోతుంది. 100 చేయండి.

వేగం బాగానే ఉంది, అయినా నత్తనడకే

అయితే ప్రాసెసర్‌ను వదిలేయండి. అదే టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తూ, లోపల ఇంకా పాత హార్డ్ డిస్కే ఉంటే, ఫార్మాట్‌కు ఇచ్చే డబ్బుకు ఇంకొంత కలిపి ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా చాలా వేగమైన నిల్వ పరికరం) వేయించుకోండి.