అమ్మానాన్నలకు అమెరికా విజిటర్ వీసా: ఇంటర్వ్యూ అయ్యాక ఒకరిది వచ్చి ఇంకొకరిది ఆగితే

కూతురి పురిటికో, మనవడి అన్నప్రాసనకో అమెరికా వెళ్లాలనుకునే పెద్దవాళ్లు బీ1/బీ2 వీసాకి ఎక్కువగా జంటగానే దరఖాస్తు చేస్తారు. ఇద్దరికీ ఒకే రోజు స్లాట్, సాధారణంగా ఒకే కిటికీ దగ్గర ఇంటర్వ్యూ. దాంతో ఫలితం కూడా ఇద్దరికీ ఒక్కటే అనుకుంటారు. అలా ఉండదు. అవి రెండు వేర్వేరు దరఖాస్తులు, రెండు వేర్వేరు నిర్ణయాలు.

ఆన్‌లైన్ వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారం ఇద్దరికీ విడివిడిగా నింపాలి. ఫీజు ఒక్కొక్కరికి 185 డాలర్లు, అంటే జంటకి 370. ఆ మొత్తాన్ని రూపాయల్లో కడతాం. కలిసి ప్రయాణించేవాళ్లు ఎవరని ఫారంలో అడిగిన చోట ఒకరి ఫారంలో ఇంకొకరి పేరు రాయండి. స్లాట్ బుక్ చేసేటప్పుడు రెండోవారిని కుటుంబ సభ్యులుగా చేర్చండి. హైదరాబాద్‌లో వేలిముద్రలు, ఫోటో వీసా అప్లికేషన్ సెంటర్లో తీసుకుంటారు. ఇంటర్వ్యూ మాత్రం నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో.

మన ఇళ్లలో ఎక్కువ తిప్పలు పెట్టేది ఇంటిపేరు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే, డీఎస్-160లో ఉన్న పేరంతా సర్‌నేమ్ గడిలో రాసి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే ఆ గడికి పేరు లేదని) అని పెట్టాలి. ఇది ఆన్‌లైన్‌లో వీసా స్టేటస్ చూసేటప్పుడు కూడా గుర్తుండాలి. ఆ పేజీలో అప్లికేషన్ నంబరు, పాస్‌పోర్టు నంబరుతో పాటు సర్‌నేమ్‌లోని మొదటి ఐదు అక్షరాలు అడుగుతారు. మా అమ్మ వివరాలు ఎంతకీ తెరుచుకోక అరగంట కంగారుపడ్డాం. అలవాటుగా నాన్నగారి ఇంటిపేరే కొడుతున్నాం, ఆవిడ పాస్‌పోర్టులో ఉన్నది పుట్టింటి ఇంటిపేరు. భార్యాభర్తల ఇంటిపేర్లు వేరుగా ఉండటం తప్పేమీ కాదు. మ్యారేజ్ సర్టిఫికెట్ వెంట ఉంచుకుంటే చాలు.

ఇంటర్వ్యూ రోజు కాన్సులేట్ వాళ్లు అమ్మ పాస్‌పోర్టును తమ దగ్గరే ఉంచుకున్నారు. నాన్నగారి చేతిలో మాత్రం 221(జి) స్లిప్, అంటే ఇంకా వివరాలు కావాలనే కాగితం పెట్టారు. పాత ఉద్యోగం వివరాలు కావాలట. ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని బయటికొచ్చి, ‘నావల్ల మీ అమ్మ ప్రయాణం ఆగిపోయింది రా’ అన్నారు. రాత్రి స్టేటస్ చూస్తే అమ్మది అప్రూవ్డ్, ఆయనది రిఫ్యూజ్డ్. ఆ మాట చూసి ఇంట్లో ఎవరూ అన్నం సరిగ్గా తినలేదు.

మీ ఇంట్లో కూడా ఇలా జరిగితే ఒక్క సంగతి తెలుసుకోండి. 221(జి) కింద కాగితాలు అడిగినా, అదనపు పరిశీలనకి పంపినా ఆ పేజీలో రిఫ్యూజ్డ్ అనే కనిపిస్తుంది. ఫైలు మూసేశారని దానర్థం కాదు. స్లిప్‌లో ఏం అడిగారో, ఎలా పంపమన్నారో చదివి అవే పంపండి. అందుకు ఏడాది గడువు ఉంటుంది, అది దాటితే మళ్లీ ఫీజు కట్టి మొదటి నుంచి మొదలుపెట్టాలి. కాగితాలు అందాక ఎన్ని రోజులు పడుతుందో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. ‘పది రోజుల్లో తెప్పిస్తాం’ అనే ఏజెంట్ల మాట నమ్మి డబ్బు పోగొట్టుకోకండి.

214(బి) అని చెప్పి పాస్‌పోర్టు తిరిగిచ్చేస్తే సంగతి వేరు. తిరిగి మన దేశానికి వచ్చేస్తారన్న నమ్మకం ఆఫీసరుకి కలగలేదని దాని అర్థం. దానికి అప్పీలు లేదు. మళ్లీ ఫీజు కట్టి కొత్తగా దరఖాస్తు చేసుకోవడమే. అయినా ఆ కారణంగా రెండోవారికి వచ్చిన వీసా రద్దు కాదు. పురుడు దగ్గరపడితే అమ్మ ముందు బయల్దేరవచ్చు, నాన్న తర్వాత వెళ్లవచ్చు. ఆ మాట ఆ రోజే ఇద్దరికీ విడమరిచి చెప్పండి. తమ మూలంగా అంతా ఆగిపోయిందనే బెంగ పెద్దవాళ్లని లోలోపల తినేస్తుంది.

స్టేటస్ అప్రూవ్డ్ నుంచి ఇష్యూడ్‌కి మారితే వీసా ముద్రించినట్టే. ఆ తర్వాత పాస్‌పోర్టు ఎక్కడుందో విడిగా ట్రాక్ చేసుకోవాలి. ఇద్దరివీ ఒకే రోజు రాకపోవచ్చు. పాస్‌పోర్టు చేతికి రాకముందు టికెట్లు కొనకండి. రాగానే వీసా పేజీలో పేరు స్పెల్లింగు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు ఇద్దరివీ అక్షరం అక్షరం సరిచూడండి.