ఏసీ గదిలో పొద్దున్నే గొంతు పట్టేస్తుంటే

విజయవాడ ఎండల్లో ఏసీ మానేయమని ఎవరికీ చెప్పను. కానీ మా ఇంట్లో పొద్దున లేచేసరికి అందరికీ గొంతు ఎండిపోవడం, ముక్కు దిబ్బడ, అమ్మకు మెడ పట్టేయడం. ఏసీ పడట్లేదని అమ్మ తేల్చేసింది. బయట తిరిగితే సర్దుకుంటోంది కాబట్టి నాకు గది మీదే అనుమానం.

ఫిల్టర్ జాలీలు తీస్తే దుమ్ము దుప్పటిలా ఊడొచ్చింది. కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టాను. అయినా ఆన్ చేయగానే ముక్కిపోయిన వాసన. టార్చి వేసి చూస్తే గాలి ఊదే బ్లోయర్ నిండా నల్లటి బూజు. చల్లటి కాయిల్ మీద గాలిలోని తేమ నీరై ట్రేలోకి కారుతుంది. ఆ ట్రేలో పాచి పట్టి, నీళ్లు బయటికి పోయే పైపు సగం పూడుకుపోయింది. తడి, దుమ్ము, చీకటి, బూజుకు ఇంకేం కావాలి? ఇది కరెంటుతో వ్యవహారం, మనం చేయి పెట్టకూడదు. మెకానిక్‌ని పిలిచి అన్నీ జెట్ పంపుతో కడిగించాను. గ్యాస్ కూడా నింపుతానన్నాడు. చల్లగానే ఉంటే గ్యాస్ ఎందుకు బాబూ అన్నాను.

18 డిగ్రీల నుంచి 26కి మార్చి, ఫ్యాన్ నెమ్మదిగా పెట్టాం. 2020 నుంచి స్టార్ రేటింగ్ ఏసీలకు 24 డిగ్రీలను డీఫాల్ట్‌గా (మనం మార్చకపోతే ఉండే అంకెగా) పెట్టారు, 18 అక్కర్లేదు. గాలి మంచం మీద పడకుండా రెక్కలు పైకి తిప్పాను. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలి తీసుకోదు, లోపలిదే తిప్పుతుంది. అందుకే పడుకునే ముందు కాసేపు కిటికీలు తెరుస్తాం.

గొంతు, ముక్కు బాగుపడ్డాయి. అమ్మ మెడనొప్పి కొంచెం మిగిలింది, దిండు మార్చి చూస్తున్నాం. ఆయాసం, పిల్లికూతలు ఉన్నవాళ్లు మాత్రం మెకానిక్ కంటే ముందు డాక్టర్‌ని కలవండి.